సీజన్ పాస్‌తో అయిదు వేసవుల నాటకాలు

నాటకోత్సవానికి మొదటిసారి సీజన్ పాస్ తీసుకున్నది కేవలం డబ్బు కలిసొస్తుందని. ఆరు టికెట్ల ఖర్చుతో ఎనిమిది నాటకాలు చూడొచ్చన్నారు, తీసేసుకున్నాను. ఆ లెక్క నిజమే. కానీ వరసగా అయిదు వేసవులు వాడాక, ఎందుకు తీసుకుంటున్నావని ఎవరైనా అడిగితే నేను చెప్పే కారణం వేరు. ఒకే నాటకాన్ని సీజన్ మొదట్లో ఒకసారి, చివర్లో ఇంకోసారి చూడటానికి.

వేసవి ఉత్సవాల్లో చాలాచోట్ల రెపర్టరీ పద్ధతి నడుస్తుంది. ఒకే బృందం మూడు నాలుగు నాటకాల్ని మార్చి మార్చి ఆడుతుంది. నిన్న రాత్రి సింహాసనం మీద కూర్చున్నాయన ఇవాళ మధ్యాహ్నం ఒక్క డైలాగ్ కూడా లేని నౌకరు. మధ్యాహ్నం ఆటకీ రాత్రి ఆటకీ మధ్య దొరికే కొద్ది గంటల్లోనే సెట్ మొత్తం మార్చాలి, అందుకే గోడలకీ మెట్లకీ కింద చక్రాలుంటాయి. విడి టికెట్‌తో ఒక్క సాయంత్రం వెళ్తే ఒక నాటకం చూసి వస్తాం. పాస్‌తో వెళ్తే బృందమంతా పరిచయమవుతుంది. ఎవరి నడక ఏ పాత్రకి ఎలా మారుతోందో, ఎదుటివాళ్ళ డైలాగ్ నడుస్తుంటే నిజంగా వినేవాళ్ళెవరో తెలిసిపోతుంది.

మూడో వేసవిలో ఒక నాటకాన్ని ప్రివ్యూ రోజు చూశాను. ప్రివ్యూ అంటే పత్రికల వాళ్ళని పిలిచే ప్రారంభ ప్రదర్శన కంటే ముందు, ప్రేక్షకుల మధ్య ఆడి సరిచూసుకునే ఆట. అందులో ముసలి తండ్రికి కొడుకు దగ్గర నుంచి ఉత్తరం వస్తుంది. నటుడు దాన్ని దీపం దగ్గరకి పట్టుకుని చదివాడు, గొంతు వణికింది, కళ్ళు తుడుచుకున్నాడు. బాగా చేశాడనే అనుకున్నాను. ఆరు వారాల తర్వాత, సీజన్ ఆఖరి వారంలో మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఉత్తరాన్ని ఒక్క క్షణం చూశాడంతే. సగానికి మడిచాడు. మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి. కాగితం ఇక మడత పడటం లేదు, అయినా బొటనవేలితో అంచు నొక్కుతూనే ఉన్నాడు. నొక్కుతూ నొక్కుతూ "రాడట" అన్నాడు, పక్కవాళ్ళకి వానొస్తుందని చెప్పినట్టు. హాల్లో ఒక్కరు కూడా కదల్లేదు. మొదటి రోజు ఏడుపంతా ఆ బొటనవేలిలోకి పోయింది. రెండోసారి వెళ్ళకపోతే ఇది నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

అందుకే పాస్ కొనేముందు అది ఏ రకమో అడగండి. ఒక రకంలో తేదీలూ సీటూ ముందే ఖాయం చేస్తారు, ఒక్కో నాటకానికి ఒక్కసారే. ఇంకో రకంలో ఇన్ని ప్రవేశాలని ఇస్తారు, ఏ నాటకానికి ఎన్ని వాడుకోవాలన్నది మన ఇష్టం. రెండోది కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. నేను రెండో వేసవిలో మొదటి రకం తీసుకుని దెబ్బతిన్నాను. జ్వరం వచ్చి రెండు ఆటలు పోయాయి. తేదీ మార్చమని ఫోన్ చేస్తే, 48 గంటల ముందు చెప్పాలన్న నియమం ఉందన్నారు. జ్వరం 48 గంటల ముందు చెప్పి రాదు కదా అని చాలా బాధపడ్డాను. ఆ నియమం పాస్ వెనకాలే చిన్న అక్షరాల్లో ఉంది. అదే రాత్రి చదువుకున్నాను.

సీటు సంగతి వేదికని బట్టి ఉంటుంది. కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్ ఉత్సవం 1953లో ఒక పెద్ద గుడారంలో మొదలైంది. అక్కడి వేదిక ప్రేక్షకుల మధ్యకి చొచ్చుకొచ్చి ఉంటుంది, మూడు వైపులా జనం కూర్చుంటారు. అలాంటి వేదికకి పక్క సీట్లంటే భయపడక్కర్లేదు. మాట్లాడే నటుడి వీపు కనిపించినా వినే నటుడి ముఖం దొరుకుతుంది, నాకైతే అదే ఎక్కువ ఇష్టం. ముందు తెర ఉండే మామూలు వేదికకి మాత్రం చివరి సీట్లు వద్దు. సెట్‌లో ఒక మూల అసలే కనబడదు.

ఆరుబయట ఆటలది వేరే కథ. వేసవిలో పొద్దు ఆలస్యంగా గుంకుతుంది కాబట్టి మొదటి అంకంలో లైటింగ్ పెద్దగా పనిచేయదు. విరామం తర్వాత చీకటి పడ్డాకే అసలు దృశ్యం తేరుకుంటుంది. పడమటికి ముఖం ఉన్న సీట్లలో మొదటి గంట కళ్ళు చికిలించుకుని చూడాల్సిందే. గాలి వీస్తే మాటలు సగం ఎగిరిపోతాయి. ఫ్రాన్స్‌లో అవిన్యోన్ ఉత్సవాన్ని జాన్ విలార్ 1947లో పోప్‌ల పాత రాజభవనం ప్రాంగణంలోనే మొదలుపెట్టాడు. అక్కడ మిస్ట్రల్ అనే గాలి బలంగా వీస్తుంది, నటులు దానితో కూడా పోటీపడాలి. నేను ఆరుబయట ఆటలకి ఎప్పుడూ ముందు వరసల్లోనే సీటు తీసుకుంటాను.

పాస్ చేతిలో ఉంది కదా అని వరసగా చూసేయకండి. మొదటి వేసవిలో వారంలో ఆరు చూశాను. నాలుగో నాటకానికి వచ్చేసరికి ఎవరు ఎవరి చెల్లెలో కలిసిపోయింది, ఆఖరిది ఇప్పుడు పేరు తప్ప గుర్తులేదు. ఇప్పుడు ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కనీసం ఒక రోజు ఖాళీ ఉంచుకుంటున్నాను. ఉత్సవానికి ఒక్క శని, ఆదివారాలే రాగలిగిన వాళ్ళు విడి టికెట్లు కొనుక్కోవడమే మేలు.

ప్రోగ్రాం పుస్తకంలో చిన్న కాగితం పెట్టి, ఫలానా పాత్ర ఇవాళ అండర్‌స్టడీ, అంటే అసలు నటులు రాలేనప్పుడు ఆ పాత్ర ఆడటానికి సిద్ధంగా ఉండేవాళ్ళు, చేస్తున్నారని చెప్తే నిరాశపడి వెనక్కి వెళ్ళకండి. పోయినేడు అలాంటి రాత్రే ఒకమ్మాయి ప్రధాన పాత్రలోకి వచ్చింది. మొదటి పది నిమిషాలు ఆమె చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నడుముకి ఆనించుకుంది. తర్వాత ఆ పాత్రకి ఆ చేతులే సరిపోయాయనిపించింది. విరామంలో పక్క సీటు పెద్దావిడ నా వైపు తిరిగి, "మీరు ఇది ముందు కూడా చూశారు కదా?" అన్నారు.

"చూశానండీ. మీరూ అటువైపు కూర్చున్నారు."

"అప్పటి ఆవిడ నాకు నచ్చింది. ఈ పిల్ల కోసం మాత్రం మళ్ళీ వస్తాను," అని పాస్ తీసి ఇంకా ఎన్ని ప్రవేశాలున్నాయో లెక్క చూసుకున్నారు. ఆవిడకి ఒకటే మిగిలింది. నా దగ్గర రెండున్నాయి. ఆఖరి వారం శుక్రవారానికి ఇద్దరం పక్కపక్కన సీట్లు అడిగాం.