గిత్తల ఫొటోలకి 50 ఎంఎం లెన్స్ పనికొస్తుందా?

బండలాగుడు పోటీల ఫ్లెక్సీలకైనా, అమ్మకానికి పెట్టిన గిత్తల వాట్సాప్ ఫొటోలకైనా మా చుట్టుపక్కల నన్నే పిలుస్తారు. ఆ పనికి నేను వాడేది కెనాన్ ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం. 2015లో వచ్చిన లెన్స్, బరువు 160 గ్రాములే, కెనాన్ లెన్సుల్లో చౌక రకం. ఆరుబయట పశువుల్ని తీసేవాళ్లయితే కళ్లు మూసుకుని కొనొచ్చు.

దీనికి జూమ్ లేదు. నాకు నచ్చిందీ అదే. నాదగ్గరున్నలాంటి చిన్న సెన్సర్ (బొమ్మ పడే పలక) కెమెరాకి తగిలిస్తే ఇది ఇంకాస్త దగ్గరగా, 80 ఎంఎంలా చూపిస్తుంది. ఒంగోలు గిత్త మొత్తం ఫ్రేములో పట్టాలంటే ఆరేడు మీటర్లు వెనక్కి జరగాల్సిందే. ఫోన్ పట్టుకుని మీదికెళ్లి ఎదురుగా తీస్తే మూతి ఇంత పెద్దదై, మూపురం ఎక్కడో వెనక చిన్నగా పడుతుంది. కొనేవాడు చూసేదేమో మూపురం, గంగడోలు, నడుం పొడవు! దూరం నుంచి తీస్తే ఏ భాగం కొలత దానికి ఉంటుంది.

నిలబడి తీయకండి, కాళ్లు పొట్టిగా వస్తాయి. గొంతుక్కూర్చుని కెమెరాని గిత్త పొట్ట ఎత్తుకి దించండి. "బాబాయ్, ఒక్క అడుగు ముందుకేయించు" అంటే చాలు, నాలుగు కాళ్లూ విడివిడిగా కనిపిస్తాయి. తోక వైపు కన్నా మూతి వైపు ఖాళీ ఎక్కువ వదలండి. చెవులు నిక్కాలంటే తవుడు బకెట్ మీద తట్టించాలి. మొదటిసారే పనిచేస్తుంది, తర్వాత అది మనల్ని పట్టించుకోదు.

అపర్చర్ని, అంటే లెన్స్‌లో వెలుగొచ్చే ద్వారాన్ని, పూర్తిగా తెరిచి 1.8 పెడితే వెనకున్నదంతా మసకైపోతుందని అందరూ చెప్తారు. నిండు గిత్తని తీసే దూరంలో అంత మసక రాదు. కొమ్ముల మధ్య నుంచి మొలిచినట్టున్న కరెంటు స్తంభం అలాగే ఉంటుంది. మనమే రెండడుగులు పక్కకి జరగాలి. తల దగ్గరగా తీసేటప్పుడు మాత్రం దీనికి ఉల్టా: కన్ను పదునుగా ఉంటే మూపురం మసకేస్తుంది. అక్కడ ద్వారం చిన్నది చేసి 4 గానీ 5.6 గానీ పెట్టండి.

చీకటి పాక ముందు తెల్ల గిత్తని నిలబెడితే కెమెరా వెలుగు పెంచేసి సున్నం కొట్టిన గోడలా చేస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించండి, అంటే వెలుగు సగం చేయండి. ముర్రా గేదె ఫ్రేము నిండా ఉన్నా తగ్గించడమే, లేకపోతే నలుపు బూడిదరంగుకి తిరుగుతుంది.

పాక లోపల గాడి దగ్గర తీయాలంటే ఈ లెన్స్ దండగ, వెనక్కి జరగడానికి చోటుండదు. అక్కడ కెమెరాతో వచ్చే 18-55 జూమ్ లెన్స్ చాలు. 50 ఎంఎంకి చెయ్యి వణుకుని సర్దే స్టెబిలైజేషన్ కూడా లేదు కాబట్టి సాయంత్రం పూట షట్టర్ వేగం 1/200 సెకను కన్నా తగ్గనివ్వకండి. ముందు గ్లాసుకి 49 ఎంఎం ఫిల్టర్ తప్పకుండా బిగించండి. దూడలకి లెన్స్ నాకడమంటే మహా సరదా.