మలేర్‌కోట్లాకు ఒక రోజు తప్పకుండా ఇవ్వండి

పంజాబ్ వెళ్లే మనవాళ్ల ప్లాన్ దాదాపు ఒకేలా ఉంటుంది. అమృత్‌సర్‌లో దిగి స్వర్ణ దేవాలయం, జలియన్‌వాలా బాగ్ చూస్తారు, సాయంత్రం వాఘా బోర్డర్ వెళ్లొస్తారు, మర్నాడు తిరుగు రైలెక్కేస్తారు. సిక్కులూ ముస్లింలూ ఒకరి పక్కన ఒకరు ఎలా బతికారో, ఇప్పుడెలా బతుకుతున్నారో తెలుసుకోవాలని ఉన్నవాళ్లకు ఈ ప్లాన్ చాలదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. వాఘా పరేడ్ మానుకున్నా ఫర్వాలేదు, ఆ సమయం పంజాబ్‌లోనే ఉన్న సర్హింద్, మలేర్‌కోట్లా అనే రెండు ఊళ్లకు ఇవ్వండి.

ఈ యాత్ర ఆలోచన నాకు హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇక్కడి సిక్కులు నిన్న మొన్న వచ్చినవాళ్లు కాదు. 1832లో మహారాజా రంజిత్ సింగ్ నిజాం రాజ్యానికి పంపిన సైన్యం వారసులు చాలామంది ఉన్నారు. తరతరాలుగా ముస్లిం బస్తీల పక్కనే ఉంటున్నారు, వాళ్ల ఉర్దూ వింటే అచ్చం పాతబస్తీ ఉర్దూయే. అయినా 2014 మే నెలలో కిషన్‌బాగ్ సిక్ ఛావనీ దగ్గర మత జెండా తగలబెట్టారన్న విషయం మీద గొడవలు రేగాయి, పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఇన్నేళ్ల ఇరుగు పొరుగు ఒక్క పూటలో ఇంత దూరం వెళ్తుందా అని చాలా రోజులు బాధపడ్డాను. మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ రక్తం చూసిన నేల పంజాబ్. అక్కడ ఈ రెండు మతాల వాళ్లూ మళ్లీ ఎలా కలిశారో కళ్లారా చూడాలనిపించింది. నాన్న, అక్క కూడా వస్తామన్నారు.

రైలు విషయంలో నా సలహా నాందేడ్ నుంచి అమృత్‌సర్ వెళ్లే సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్. నిజామాబాద్ మీదుగా నాందేడ్ చేరడం మనకు తేలికే. సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ 1708లో కన్నుమూసింది అక్కడే. ఇప్పుడున్న తఖ్త్ (సిక్కుల ప్రధాన పీఠాల్లో ఒకటి) హజూర్ సాహిబ్ కట్టించింది రంజిత్ సింగ్. సిక్కు రాజు డబ్బుతో, ముస్లిం నవాబు ఏలుతున్న నేల మీద కట్టిన గురుద్వారా అది. ముందు రోజు అక్కడ దర్శనం చేసుకుని రైలెక్కితే యాత్రకు అసలైన ఆరంభం దొరుకుతుంది. ఈ రైల్లో దారి పొడవునా కొన్ని స్టేషన్లలో సేవాదారులు లంగర్ (గురుద్వారా ఉమ్మడి వంటశాల) భోజనం తెచ్చి ఉచితంగా వడ్డిస్తారు. కంచం, గ్లాసు మాత్రం మీవి మీరు తీసుకెళ్లాలి. మా బోగీలో సిక్కు కుటుంబాలతో పాటు ఢిల్లీ వెళ్తున్న ముస్లిం కుర్రాళ్లు కూడా ఉన్నారు. పప్పు, రోటీ అందరికీ ఒకే గరిటెతో పడ్డాయి. రైలు శుభ్రత గురించి పెద్దగా చెప్పుకోవడానికేం లేదు, రెండో రోజుకు బాత్రూములు బాగా పాడయ్యాయి.

మేం అంబాలాలో దిగి బస్సులో సర్హింద్ వెళ్లాం. జిల్లా పేరు ఫతేగఢ్ సాహిబ్. గురు గోవింద్ సింగ్ చిన్న కొడుకులు జోరావర్ సింగ్, ఫతే సింగ్‌లను మొఘల్ ఫౌజ్‌దార్ (ప్రాంతీయ అధికారి) వజీర్ ఖాన్ ప్రాణాలుండగానే గోడలో పేర్పించింది ఇక్కడే. అది 1705 అంటారు, 1704 అని చెప్పేవాళ్లూ ఉన్నారు. పెద్దవాడికి తొమ్మిదేళ్లు, చిన్నవాడికి ఇంకా ఏడు కూడా నిండలేదు. గురుద్వారాలో కిందికి మెట్లు దిగితే భోరా సాహిబ్ వస్తుంది, ఆ గోడ ఉన్న చోటు. నానమ్మ మాతా గుజ్రీతో కలిపి చలికాలంలో వాళ్లను బంధించిన ఠండా బుర్జ్ కూడా అదే ఆవరణలో ఉంది. నాన్నకు మోకాళ్ల నొప్పులు, అయినా మెట్లు దిగుతానని పట్టుబట్టారు. పైకి వచ్చాక చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

అక్కడి నుంచి కొద్ది దూరం నడిస్తే రౌజా షరీఫ్. షేక్ అహ్మద్ సర్హిందీ సమాధి. ఈయన 1564 నుంచి 1624 వరకు జీవించిన, నక్ష్‌బందీ అనే శాఖకు చెందిన సూఫీ. 1606లో జహంగీర్ హయాంలో సిక్కుల అయిదో గురువు అర్జన్‌ను చంపించినప్పుడు ఆయన సంతోషం వెలిబుచ్చుతూ ఉత్తరం రాశారు, అది చరిత్రలో ఉన్న మాటే. ఆ తర్వాత 1710లో సిక్కు సేనాని బందా సింగ్ బహాదుర్, 1764లో సిక్కు మిస్ల్‌లు (సైనిక దళాలు) సర్హింద్‌ను గెలిచి నేలమట్టం చేశారు. ఇంత జరిగిన ఊళ్లో, చుట్టూ సిక్కులే ఎక్కువగా ఉన్న చోట, ఆయన సమాధికి ఈ రోజుకీ ఉర్సు జరుగుతుంది. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ల నుంచి కూడా భక్తులు వస్తుంటారు. లోపల తెల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది. మమ్మల్ని ఎవరూ మీది ఏ మతం అని అడగలేదు. సూఫీ అనగానే అందరినీ కలిపేవాడే అనుకునే మనకు ఇది కొంచెం మింగుడుపడని చోటు. అందుకే చూడాలంటాను.

సర్హింద్‌లో బస గురుద్వారా సరాయిలోనే (యాత్రికుల సత్రం) మంచిది. గది సాదాగా, శుభ్రంగా ఉంది, అద్దె నామమాత్రం. ఐడీ కార్డు తప్పనిసరి. కింది అంతస్తు కావాలంటే కౌంటర్ దగ్గర పెద్దవాళ్లున్నారని చెప్పండి, సర్దుతారు. డిసెంబరు చివరి వారంలో ఆ పిల్లల బలిదానాన్ని తలుచుకునే షహీదీ జోడ్ మేళా ఉంటుంది, లక్షల్లో జనం. భక్తితో వెళ్లేవాళ్లకు ఆ రోజులు గొప్పవే కానీ, నాలా నెమ్మదిగా చూడాలనుకునేవాళ్లకు, ముసలివాళ్లతో వెళ్లేవాళ్లకు ఫిబ్రవరి, మార్చి నయం.

ఇక మలేర్‌కోట్లా. సర్హింద్ నుంచి ఖన్నా మీదుగా బస్సులు మారుతూ వెళ్లొచ్చు, లూధియానా నుంచైతే నేరుగా బస్సు ఉంది, రైలు మార్గం కూడా ఉంది. మేం నాన్న కోసం టాక్సీ మాట్లాడుకున్నాం. ఆ డ్రైవర్ ముందు ఒక రేటు చెప్పి దిగేటప్పుడు ఇంకో రేటు అడిగాడు. తిరిగి రావడంతో కలిపి ఎంతో ఎక్కేముందే తేల్చుకోండి.

2021లో పంజాబ్‌కు 23వ జిల్లాగా మలేర్‌కోట్లాను ఏర్పాటు చేశారు. ఆ పట్టణ జనాభాలో మూడింట రెండొంతుల మంది ముస్లింలు. ఈ మాట విలువ తెలియాలంటే 1947 గుర్తుకు రావాలి. భారత పంజాబ్‌లో ఊళ్లకు ఊళ్లే ముస్లింలు లేకుండా ఖాళీ అయ్యాయి. అవతలి వైపు సిక్కులకూ హిందువులకూ అదే గతి పట్టింది. ఆ మారణకాండలో ఈ చిన్న సంస్థానంలో మాత్రం ఊచకోత జరగలేదు. చుట్టుపక్కల నుంచి తరుముకొచ్చిన ముస్లింలు ఈ సరిహద్దు దాటి తలదాచుకున్నారు.

ఎందుకు అని ఊళ్లో ఎవరినడిగినా ఒకటే కథ. సర్హింద్‌లో ఆ పిల్లలకు శిక్ష వేస్తున్నప్పుడు మలేర్‌కోట్లా నవాబు షేర్ మహమ్మద్ ఖాన్ ఆ సభలోనే ఉన్నాడు. గురువుతో జరిగిన యుద్ధంలో అతని సోదరుడు చనిపోయాడు. ఆ పగ ఈ పిల్లల మీద తీర్చుకోమని వజీర్ ఖాన్ అన్నాడట. షేర్ మహమ్మద్ ఖాన్ ఒప్పుకోలేదు. వైరం తండ్రితో, పసివాళ్లతో కాదని, ఇది ఇస్లాంకే విరుద్ధమని నిండు సభలో గొంతెత్తాడు. ఆ సంగతి తెలిసి గురు గోవింద్ సింగ్ మలేర్‌కోట్లాను దీవించాడని సిక్కుల నమ్మకం. ఆ నిరసన పేరుతోనే ఊళ్లో ఒక గురుద్వారా ఉంది, హా దా నారా సాహిబ్. ముస్లిం నవాబు చెప్పిన ఒక్క మాట కోసం సిక్కులు కట్టుకున్న గురుద్వారా. నేను చూసిన వాటన్నిటిలో నన్ను ఎక్కువ కదిలించింది ఇదే.

ఈ కథను గైడ్లు ఇక్కడితో ఆపేస్తారు. ఆ తర్వాతిది కూడా చెప్పాలి. షేర్ మహమ్మద్ ఖాన్ సిక్కుల వైపు రాలేదు. మొఘలుల మనిషిగానే ఉండి, 1710లో ఛప్పర్ చిరి యుద్ధంలో వజీర్ ఖాన్ పక్షాన పోరాడి చనిపోయాడు. అంటే సిక్కులు మూడు వందల ఏళ్లుగా గౌరవిస్తున్నది మిత్రుణ్ని కాదు, చివరిదాకా శత్రువుగానే ఉన్న మనిషిని. శత్రువు చేసిన మంచిని అతని ఖాతాలోనే రాసిపెట్టారు. వజీర్ ఖాన్ క్రూరత్వాన్ని వజీర్ ఖాన్ ఖాతాలోనే ఉంచారు, దాన్ని తెచ్చి ఈ ఊరి ముస్లింల నెత్తిన రుద్దలేదు. నాకు ఆ దీవెన మహిమ కన్నా ఈ లెక్క తీరు పెద్దదిగా కనిపించింది.

అలాగని ఊరు ఎప్పుడూ ప్రశాంతంగా ఉందనుకోవద్దు. 1872 జనవరిలో గోవధ గొడవ మీద నామ్‌ధారీ అనే శాఖకు చెందిన సిక్కులు ఈ ఊరి మీద దాడి చేశారు. పట్టుబడ్డవాళ్లలో 60 మందికి పైగా నామ్‌ధారీలను బ్రిటిష్ అధికారులు సరైన విచారణ కూడా లేకుండా ఫిరంగులకు కట్టి పేల్చేశారు. వాళ్ల స్మారకం ఊళ్లోనే ఉంది, తప్పక చూడండి. 2016లో ఖురాన్ పేజీలు చించి పడేసిన ఘటనతో ఒక రాత్రి అల్లర్లు జరిగి వాహనాలు కాలిపోయాయి. అది మతాల మధ్య కొట్లాటగా మాత్రం మారలేదు. ఒక బట్టల దుకాణం పెద్దాయనను ఇదే అడిగాను, తెల్ల గడ్డం, నెత్తిన టోపీ. "బేటా, దీవెన ఉంది సరే, దాన్ని రోజూ మేమే కాపాడుకోవాలి. గొడవ మొదలవగానే సర్దార్జీల పెద్దలు, మా పెద్దలు, లాలాజీలు (హిందూ వ్యాపారులు) అర్ధరాత్రైనా ఒకచోట కూర్చుంటాం" అన్నారు. టీ తెప్పించారు, మేం ఏమీ కొనలేదు.

ఊరిని స్థాపించిన హైదర్ షేక్ దర్గాకు గురువారం వెళ్లండి. వచ్చేవాళ్లలో తలపాగాల సిక్కులు, చుట్టుపక్కల పల్లెల హిందువులు పెద్ద సంఖ్యలో కనిపిస్తారు. జనం తోపులాట ఉంటుంది, చెప్పులు మీ సంచిలోనే పెట్టుకోండి. కానుకల కోసం కొందరు వెంటపడతారు, వద్దని గట్టిగా చెబితే వదిలేస్తారు. నవాబుల మహల్ ముబారక్ మంజిల్ శిథిలంగా ఉంది. చివరి బేగం 2023లో మరణించారు.

మలేర్‌కోట్లాలో బస మాత్రం బాగాలేదు. మేం దిగిన లాడ్జిలో వేడినీళ్లు రాలేదు, దుప్పటి మార్చమని అడిగి అడిగి అక్క విసిగిపోయింది. చిన్న ఊరు, యాత్రికుల కోసం తయారైన ఊరు కాదు. పగలంతా ఇక్కడ గడిపి రాత్రికి పటియాలాకో లూధియానాకో వెళ్లిపోవడం మేలు. తిండికి లోటు లేదు. మాంసం తినేవాళ్లకు కబాబులు బాగుంటాయి. చుట్టూ కూరగాయల సాగు కాబట్టి శాకాహారం కూడా తాజాగా దొరుకుతుంది.

అమృత్‌సర్ గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను మూడు సంగతులే చెబుతాను. హర్‌మందిర్ సాహిబ్‌లో, అంటే స్వర్ణ దేవాలయంలో, వినిపించే సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్‌లో బాబా ఫరీద్ అనే ముస్లిం సూఫీ పద్యాలున్నాయి. గురు నానక్ వెంట రబాబ్ అనే తీగ వాద్యం వాయిస్తూ ఊరూరూ తిరిగిన భాయ్ మర్దానా పుట్టుకతో ముస్లిం. 1947 వరకు ముస్లిం రబాబీలు ఇదే ఆలయంలో కీర్తన పాడేవారు. విభజనతో వాళ్లు అటు వెళ్లిపోయారు. సరోవరం ఒడ్డున కూర్చుని కీర్తన వింటుంటే ఆ లేని గొంతులే నా మనసులో మెదిలాయి.

రెండోది లంగర్. 2020 లాక్‌డౌన్ రోజుల్లో ఈ వంటశాలకు మలేర్‌కోట్లా ముస్లింలు వందల క్వింటాళ్ల గోధుమలు సేకరించి తెచ్చిచ్చారు. ఆ చలికాలంలో ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు నిరసనగా కూర్చున్నప్పుడు ఈ మలేర్‌కోట్లా ముస్లింలే వెళ్లి తీపి అన్నం వండి పెట్టారు. మొదట మలేర్‌కోట్లా చూసి తర్వాత ఇక్కడికి వస్తే చేతిలో పడే రోటీ విలువ వేరు.

మూడోది టౌన్ హాల్‌లో 2017లో తెరిచిన పార్టిషన్ మ్యూజియం. విభజనకు ముందు అమృత్‌సర్ జనాభాలో దాదాపు సగం ముస్లింలే. మ్యూజియం గదుల్లో సిక్కు, హిందూ, ముస్లిం కుటుంబాల గొంతులు వినిపిస్తాయి. మానం కాపాడుకోవడానికి ఆడవాళ్లు దూకిన బావులను గుర్తుచేసే గది దగ్గర అక్క ఆగిపోయింది, లోపలికి రాలేదు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ఆ భాగం దాటేయండి. అక్కడి నుంచి నడక దూరంలో హాల్ బజార్‌లో 1876 నాటి ఖైరుద్దీన్ మసీదు ఉంది. అయిదు నిమిషాలైనా లోపల నిలబడి రండి.

అమృత్‌సర్‌లో సరాయి గదులకు పోటీ చాలా ఎక్కువ, పండుగ రోజుల్లో అసలు దొరకవు. ముందే ప్రయత్నించండి. మేం బయట హోటల్ తీసుకున్నాం, ఖర్చయినా లిఫ్ట్ ఉండడం నాన్నకు కలిసొచ్చింది.

ఇంకో పూట మిగిలితే బియాస్ ఒడ్డున ఉన్న శ్రీ హర్‌గోవింద్‌పూర్ వెళ్లండి. ఆరో గురువు హర్‌గోవింద్ ముస్లింల కోసం కట్టించిన మసీదు అక్కడుంది, గురు కీ మసీత్ అంటారు. 1947లో నమాజు చేసేవాళ్లంతా వెళ్లిపోయాక దాన్ని కాపాడింది నిహంగ్‌లు అనే యోధ సంప్రదాయానికి చెందిన సిక్కులు. తర్వాత బాగుచేసి, 2002లో మళ్లీ నమాజు జరిపించారు. సౌకర్యాలేవీ ఉండవు, హోటళ్లు లేవు. నీళ్లు, తిండి వెంట తీసుకెళ్లండి. బస్సుల మీద ఆధారపడితే తిరిగి రావడం కష్టం కాబట్టి అమృత్‌సర్ నుంచే పూటకు కారు మాట్లాడుకోండి. పాకిస్తాన్‌లోని కర్తార్‌పూర్ గురుద్వారాకు దారి తీసే కర్తార్‌పూర్ కారిడార్ మాత్రం 2025 మే నుంచి మూసి ఉంది, దాన్ని నమ్ముకుని టికెట్లు తీయొద్దు. తెరిచిందని ఖాయమయ్యాక విడిగా ప్లాన్ చేసుకోవచ్చు.