నోట్‌బుక్కా, వర్డ్ ఫైలా, షేర్డ్ డాక్యుమెంటా: పిల్లల చేత రాయించడానికి ఏది మేలు?

భాష చెప్పే టీచర్లు ఈ మధ్య తరచూ అడుగుతున్నది ఇదే: వ్యాసాలూ కథలూ కంప్యూటర్ మీద రాయించాలా, రాయిస్తే మామూలు వర్డ్ ఫైల్లోనా, గూగుల్ డాక్స్ లాంటి, నెట్ మీద పలువురు ఒకేసారి తెరిచి రాయగలిగే షేర్డ్ డాక్యుమెంట్‌లోనా, లేక ఈ గొడవంతా ఎందుకని నోట్‌బుక్‌తోనే కానిచ్చేయాలా అని. నా మొగ్గు షేర్డ్ డాక్యుమెంట్ వైపే. కాకపోతే చాలామంది చెప్పే కారణాలు నావి కావు.

నీట్‌గా కనిపిస్తుంది, స్పెల్లింగ్ తప్పులు అదే పట్టిస్తుంది, పిల్లలకు హుషారొస్తుంది అంటారు. హుషారు కొత్తలోనే. స్పెల్ చెకర్ తప్పు పదాన్ని పడుతుంది గానీ, సరైన పదం తప్పు చోట పడితే చాలాసార్లు చూడనట్టే పోతుంది.

అసలు సంగతి తిరగరాయడం. రచనా బోధన మీద పరిశోధన చేసిన నాన్సీ సోమర్స్ 1980లో విద్యార్థులనూ అనుభవమున్న రచయితలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, విద్యార్థులు ఎక్కువగా మాటలు మార్చి అదే దిద్దడం అనుకుంటున్నారు, అనుభవమున్నవాళ్లు మాత్రం తాము చెప్పదలచినదానికి రూపం వెతుక్కుంటున్నారు. నోట్‌బుక్‌లో నాలుగో పేరాను మొదటికి తేవాలంటే మొత్తం మళ్లీ రాయాలి. ఎవరు రాస్తారు? ఒక బాణం గీసి ఊరుకుంటారు. కంప్యూటర్లో కట్, పేస్ట్, అయిపోయింది. ఇక్కడిదాకా వర్డ్ ఫైలూ షేర్డ్ డాక్యుమెంటూ సమానమే.

తేడా అంతా టీచర్ మాట ఎప్పుడు అందుతుందన్న దగ్గర వస్తుంది. వర్డ్ ఫైలు సాధారణంగా రాయడం పూర్తయ్యాకే మన చేతికి వస్తుంది, మనం ట్రాక్ ఛేంజెస్ (ప్రతి దిద్దుబాటూ విడిగా కనిపించే ఏర్పాటు) పెట్టి ఎంత శ్రద్ధగా దిద్ది పంపినా అప్పటికి పిల్లల మనసు దాని మీద ఉండదు, మార్కు చూసుకుని మూసేస్తారు. షేర్డ్ డాక్యుమెంట్‌లో అయితే రచన ఇంకా సగంలో ఉండగానే పక్కన "ఈ మాట ఎవరంటున్నారో తెలియట్లేదు" అని ఒక కామెంట్ పెట్టొచ్చు, రేపు కూర్చున్నప్పుడు అది వాళ్లకు పనికొస్తుంది. వెర్షన్ హిస్టరీ (పాత రూపాల చిట్టా) తెరిస్తే ఏ పేరా ఎక్కణ్ణుంచి ఎక్కడికి వచ్చిందో కనిపిస్తుంది. ఒక పేజీ ఒక్కసారిగా ఊడిపడినా కనిపిస్తుంది, అయితే వేరే చోట టైప్ చేసుకుని తెచ్చి ఉండొచ్చు కాబట్టి నిలదీయకుండా అడగండి.

ఒక జాగ్రత్త. మన దిద్దుబాట్లను సూచనలుగా చూపే సజెషన్ మోడ్‌లో వాక్యాలు మనమే దిద్దిపెడితే పిల్లలు వరసగా టిక్ నొక్కుకుంటూ పోతారు, అందులో రాయడం ఏమీ లేదు. కామెంట్ మాత్రమే పెట్టండి, మార్చే పని వాళ్లకు వదలండి. మొదటి చిత్తుప్రతి రాస్తున్నంతసేపూ లోపలికి తొంగిచూడకండి కూడా. టీచర్ కర్సర్ తెర మీద కదులుతుంటే ఎవరికైనా టెన్షనే.

లెక్కలు కావాలంటే పరిశోధకులు స్టీవ్ గ్రాహం, డొలోరెస్ పెరిన్ 2007లో ఇచ్చిన నివేదిక ఉంది. 4 నుంచి 12 తరగతుల పరిశోధనలు కలిపి చూస్తే వర్డ్ ప్రాసెసింగ్ (కంప్యూటర్ మీద రాయడం) ప్రభావం (అంకె ఎంత పెద్దదైతే అంత మేలు) 0.55, కలిసి రాయడానిది 0.75, ప్లాన్ చేయడం, తిరగరాయడం ఎలాగో నేర్పడానిది 0.82 వచ్చింది. అంటే ఎలా రాయాలో నేర్పకుండా కంప్యూటర్ ఒక్కటే ఇచ్చి కూర్చుంటే పెద్ద లాభాన్ని వదిలి చిన్నదాని మీద ఆశ పెట్టుకున్నట్టే. షేర్డ్ డాక్యుమెంట్‌లో ఇద్దరు ముగ్గురు కలిసి రాయడం తేలిక గనక నాకు ఇంకో మార్కు అటే పడుతుంది (ఆ అంకెలు కూడేయకూడదనుకోండి).

నోట్‌బుక్ వదలొద్దు. కీల కోసం వెతుక్కునే వయసులో టైపింగ్ పెడితే వేళ్లు అక్షరం దొరకబుచ్చుకునేలోపు ఆలోచన జారిపోతుంది. పరీక్ష కాగితం మీదే అయితే చేతిరాత అలవాటూ ఉండాలి. క్లాసు బ్లాగు సరదాకి బాగుంటుంది. చాట్‌జీపీటీ లాంటివి రాసింది చదివి ప్రశ్నలు వేయడానికి సరే, మొదటి చిత్తుప్రతికి మాత్రం వద్దు.

నెట్ సరిగా రాని చోట వర్డ్ ఫైలే వాడండి, కానీ సగంలో ఉన్నప్పుడు ఒకటి, పూర్తయ్యాక ఇంకొకటి, రెండు ఫైళ్లు అడగండి. మీ కామెంట్లన్నీ మొదటిదాని మీదే పెట్టండి.