విడుపు లేని పొడుపు కథ: ‘పిక్నిక్ ఎట్ హ్యాంగింగ్ రాక్’ చూసిన మా ఏడుగురు

పీటర్ వీర్ దర్శకత్వంలో 1975లో వచ్చిన ఆస్ట్రేలియా చిత్రం ‘పిక్నిక్ ఎట్ హ్యాంగింగ్ రాక్’ను గత నెల మెల్‌బోర్న్‌లోని మా ఇంట్లో ఏడుగురం తెలుగువాళ్లం కలిసి చూశాము. నేను అంతకు ముందు మూడుసార్లు చూశాను. మిగిలిన ఆరుగురికీ అదే మొదటిసారి. చివర పేర్లు పడుతున్నప్పుడు గదిలో ఎవరూ కదలలేదు. ముందుగా నోరు తెరిచినవారు మా మిత్రుని తండ్రిగారు. "బాబూ, చివరి రీలు ఏమైనా తెగిపోయిందా?" అని ఆయన నన్నడిగిన ప్రశ్నలో వెటకారమేమీ లేదు, ముడి వేసినవాడు విప్పకుండా లేచి వెళ్లిపోవడం ఆయనకు నిజంగానే నమ్మశక్యం కాలేదు. ఇంకొకావిడ ఇది జరిగిన సంఘటనేనా అని అడుగుతుండగా, ఆవిడ కుమారుడు ముగింపుకు అర్థమేమిటో ఫోనులో వెతకసాగాడు. ఆ తరువాత రాత్రి పొద్దుపోయేదాకా వాదన నడిచింది.

కథ చెప్పడానికి నాలుగు వాక్యాలు చాలు. 1900 ఫిబ్రవరి 14న, విక్టోరియా రాష్ట్రంలోని ఆపిల్‌యార్డ్ కాలేజీ అనే ఆడపిల్లల వసతి పాఠశాల నుంచి విద్యార్థినులు హ్యాంగింగ్ రాక్ అనే కొండ దగ్గరకు పిక్నిక్‌కు వెళతారు. మిరాండా, మేరియన్, అర్మా, ఈడిత్ అనే నలుగురు కొండ ఎక్కుతారు. ఈడిత్ మాత్రం కేకలు పెడుతూ కిందికి పరుగెత్తి వస్తుంది, మిగిలిన ముగ్గురితో పాటు లెక్కల ఉపాధ్యాయురాలు మిస్ మెక్‌క్రా కూడా కనిపించకుండా పోతుంది. వారం రోజులకు అర్మా ఒక్కతే ప్రాణాలతో దొరుకుతుంది కానీ ఆమెకు ఏమీ గుర్తు లేదు. మిగిలినవారు ఏమయ్యారో చిత్రం చెప్పదు. ఈ సంగతి ముందే తెలిసి చూడటం వల్ల నష్టం లేదు, పైగా మేలే.

జరిగిన కథేనా అన్న అనుమానం మా ఇంటి అతిథిది మాత్రమే కాదు. జోన్ లిండ్సే 1967లో ఈ నవల రాసినప్పటి నుంచీ పాఠకులు అదే అడుగుతున్నారు, చిత్రం కూడా తేదీతో, వారంతో సహా ఒక నివేదికలా మొదలై ఆ భ్రమను పెంచుతుంది. అది శనివారమని తెర మీద రాస్తారు. పంచాంగం తిరగేస్తే 1900లో ఆ తేదీ బుధవారం. కల్పన తన జాడను తానే అలా వదిలిపెట్టింది. రచయిత్రి రాసిన చివరి అధ్యాయాన్ని ప్రచురణకర్తలు పక్కన పెట్టగా, ఆమె మరణానంతరం, 1987లో, అది విడిగా అచ్చయింది. దానిని చదివిన నాకు, ఆ అధ్యాయాన్ని తీసివేయడమే ఈ కథకు జరిగిన గొప్ప మేలని అనిపించింది.

పెద్దాయన అసహనానికి చాలా పెద్ద పూర్వచరిత్ర ఉంది. అమెరికాలో ఈ చిత్రాన్ని కొనడానికి చూసిన ఒక పంపిణీదారుడు, పరిష్కారం లేని రహస్యం కోసం రెండు గంటలు వృథా చేశానన్న ఆగ్రహంతో కాఫీ కప్పును తెర మీదికి విసిరాడని దర్శకుడే తరువాత చెప్పాడు. అక్కడి థియేటర్లకు ఇది 1979లో గాని చేరలేదు.

చిత్రం మరీ నిదానంగా నడుస్తుందని మా వాదనలో వచ్చిన ఫిర్యాదును నేను సగమే ఒప్పుకుంటాను. మొదటి భాగంలో ఒక్క క్షణం కూడా దండగ కాలేదు: మధ్యాహ్నపు ఎండలో పిల్లలు కునుకు తీస్తారు, మిగిలిన కేకు మీదికి చీమలు పాకుతాయి, గడియారాలు సరిగ్గా పన్నెండు గంటలకు ఆగిపోయాయని పెద్దలు గమనిస్తారు, మనకు కూడా కాలం నిలిచిపోయినట్టే ఉంటుంది. ఛాయాగ్రాహకుడు రస్సెల్ బోయ్డ్ పెళ్లికూతురి మేలిముసుగు వస్త్రాన్ని కెమెరా కటకం ముందు కట్టి ఆ వెలుగును సాధించాడు, అందుకు బ్రిటిష్ చలనచిత్ర అకాడమీ ఇచ్చే బాఫ్టా పురస్కారం కూడా అందుకున్నాడు. రుమేనియా వాద్యకారుడు జాంఫిర్ ఊదిన పాన్ ఫ్లూట్ (గొట్టాలను వరుసగా కట్టిన వేణువు) వినిపించిన ప్రతిసారీ, ఎండ కాస్తున్నా ఒళ్లు జలదరిస్తుంది. కానీ పిల్లలను వెతికే ఆంగ్లేయ యువకుడు మైకేల్‌కు, కోలుకున్న అర్మాకు మధ్య నడిచే సన్నివేశాలలో బిగువు సడలుతుంది. 1998లో దర్శకుడు వాటిలో కొన్నింటిని తొలగించి, 115 నిమిషాల చిత్రాన్ని 107 నిమిషాలకు కుదించాడు. మొదటిసారి చూసేవారు ఆ కూర్పునే ఎంచుకోవాలని నా సలహా.

ఇక నన్ను ఈ సమీక్ష రాయించిన సన్నివేశం. యూరప్ వెళ్లిపోయే ముందు అర్మా ఎర్రని దుస్తులలో వీడ్కోలు చెప్పడానికి పాఠశాల వ్యాయామశాలకు వస్తుంది. సహాధ్యాయినులు ఆమెను చుట్టుముట్టి, వాళ్లు ఎక్కడున్నారో చెప్పు, చెప్పు అంటూ మీద పడి గుంజుతూ అరుస్తారు. ఆ అరుపు మా గదిలోని అరుపే, కప్పు విసిరిన ఆ పంపిణీదారుడి అరుపే. జవాబు రాకపోతే మనుషులు ఎంత క్రూరంగా మారగలరో ప్రేక్షకులు నోరు మెదపక ముందే దర్శకుడు తెర మీద చూపించాడు. అంతటి గలాటా జరుగుతుండగా, గూని నడక సరిచేయాలనే నెపంతో అదే గదిలో సారా అనే చిన్న పిల్లను ఒక పలకకు కట్టి ఉంచారు. ఫ్రెంచి పంతులమ్మ కళ్లు ఆమె మీద పడేదాకా ఆ పిల్ల అక్కడ ఉన్నట్టు ఎవరికీ పట్టదు.

సారా అనాథ. సంరక్షకుడి నుంచి ఫీజు అందలేదు, ప్రిన్సిపాల్ మిసెస్ ఆపిల్‌యార్డ్ ఆమెను పిక్నిక్‌కు వెళ్లనివ్వక పద్యం కంఠస్థం చేయమని కూర్చోబెడుతుంది, ప్రాణంగా ప్రేమించిన మిరాండా తిరిగి రాదు. ఆమె సంగతి ఎలా ముగుస్తుందో ఇక్కడ చెప్పను. ఒక్కటి మాత్రం అడుగుతాను: మైకేల్‌కు తోడుగా తిరిగే గుర్రాల పనివాడు ఆల్బర్ట్ తన చెల్లెలి గురించి రెండుసార్లు చెప్పే మాటలను శ్రద్ధగా వినండి. రాతి మీద మాయమైనవారి కోసం ఊరంతా వెతికింది. పాఠశాల గోడల మధ్యనే తరిగిపోతున్న పిల్ల కోసం ఎవరూ వెతకలేదు. మా వాదనలోనూ గంటసేపు మిరాండా పేరే వినిపించింది, సారా పేరు ఒక్కరి నోటా రాలేదు.

ఈ విస్మరణకు తెర బయట ఇంకా పెద్ద రూపం ఉంది. ఆ కొండ వుయ్ వురుంగ్, జాజా వురుంగ్, టౌంగురుంగ్ ఆదివాసులది. ఆ మూలవాసులను నిజంగా తరిమివేసిన చరిత్రను మరిచి, కల్పిత బాలికల పేరును కొండ మీద కేకలు వేసే సందర్శకులను ప్రశ్నిస్తూ 2017లో ‘మిరాండా మస్ట్ గో’ అనే ప్రచారం మొదలైంది. ఆ ఆక్షేపణలో న్యాయం ఉందని నేను నమ్ముతున్నాను, చిత్రంలో ఆదివాసులకు దక్కిన చోటు అత్యల్పం.

నటులలో మిసెస్ ఆపిల్‌యార్డ్‌గా రేచెల్ రాబర్ట్స్ నాకు మరపురాదు. అధికారం చేజారుతున్న కొద్దీ ఆమె గొంతు బిగుసుకుపోతుంది. సారాగా నటించిన మార్గరెట్ నెల్సన్‌కు మాటలు తక్కువ, కళ్లతోనే మొత్తం మోసింది.

రెండు రోజుల తరువాత పెద్దాయన ఫోను చేశారు. తెగిపోయిన రీలు గురించి మళ్లీ అడుగుతారనుకున్నాను. "ఆ చిన్నపిల్ల అన్నకు సంగతి ఎప్పటికైనా తెలిసిందంటావా?" అని అడిగారు.