సూపర్‌హీరో గేమ్‌లలో ఏది మేలు? బలం కన్నా హద్దు చూడండి

సూపర్‌హీరో గేమ్ తయారుచేసేవాళ్లకి మొదటి రోజే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఒంటిచేత్తో కారు ఎత్తి విసిరేసే మనిషి ముందు వీధి రౌడీ ఎంతసేపు నిలబడాలి? ఒక్క దెబ్బకే పడిపోతే ఆటలో పస ఉండదు. ఇరవై దెబ్బలు తిన్నా పడకపోతే మనం ఆడుతున్నది హీరోనే అన్న నమ్మకం పోతుంది. గత కొన్నేళ్లలో వచ్చిన పెద్ద గేమ్‌లన్నీ ఈ చిక్కు దగ్గరే గెలిచాయి, ఇక్కడే బోల్తా పడ్డాయి. గ్రాఫిక్స్, కాస్ట్యూమ్‌లు, మ్యాప్ ఎంత పెద్దది అన్నవి నా లెక్కలో తర్వాతి సంగతులు. హీరోకి పెట్టిన హద్దు అతని స్వభావంలోంచి వచ్చిందా, లేక ఎవరో లెవల్ నంబర్ రాసి అతికించారా అన్నదే నేను ముందు చూసేది.

మొదట అందరూ అడిగే స్పైడర్‌మ్యాన్ సంగతి. ఇన్సోమ్నియాక్ స్టూడియో 2018లో మొదటి ‘స్పైడర్‌మ్యాన్’, 2020లో ‘మైల్స్ మొరాలెస్’, 2023లో ‘స్పైడర్‌మ్యాన్ 2’ తెచ్చింది. మూడూ మొదట ప్లేస్టేషన్‌కే పరిమితమైనా తర్వాత పీసీకి కూడా వచ్చాయి. ఆఖరిది 2025 జనవరిలో వచ్చింది. ఇందులో అసలు ఆట ఫైట్లలో లేదు, ఊగడంలో ఉంది. ఆర్2 బటన్ నొక్కి పట్టుకుంటే తీగ దగ్గర్లోని బిల్డింగ్‌కి అంటుకుంటుంది. ఊగు బాగా కిందికి దిగినప్పుడు వదిలితే వేగం వస్తుంది, పైకి లేచే కొసన వదిలితే ఎత్తు వస్తుంది. ఇంతే విద్య. కానీ తీగ అంటుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. మన్‌హాటన్ మేడల మధ్య రాజులా తిరిగినవాడు సెంట్రల్ పార్క్‌లోకి దిగగానే చెట్లకి తీగలు వేసుకుంటూ నేలకి ఆనీ ఆనకుండా పోవాలి. ఆ ఇబ్బంది గేమ్ మన మీద రుద్దింది కాదు, స్పైడర్‌మ్యాన్ స్వభావంలోనే ఉన్నది. అందుకే అక్కడ విసుగు రాదు.

రెండో భాగంలో క్వీన్స్, బ్రూక్లిన్ కూడా చేర్చారు. అక్కడ ఇళ్లు పొట్టివి, మధ్యలో నది. కాబట్టి చంకల కింద రెక్కలు ఇచ్చారు. గాలి సొరంగాల్లో పడి నది మీదుగా దూసుకెళ్లడం మొదట్లో భలేగా ఉంటుంది. కాసేపయ్యాక మాత్రం రెక్కలే ఎక్కువ వాడుతున్నామని, తీగ తక్కువ వాడుతున్నామని తెలిసొస్తుంది. దీనికి సెట్టింగ్స్‌లో ఒక మందు ఉంది. స్వింగ్‌కి సాయం చేసే స్టీరింగ్ అసిస్టెన్స్‌ని బాగా తగ్గించి, ఎత్తు నుంచి పడితే దెబ్బ తగిలే ఆప్షన్‌ని ఆన్ చేయండి. మొదటి పావుగంట గోడలకి గుద్దుకుంటారు. ఆ తర్వాత వంపు తిరిగిన ప్రతి వీధీ మీ సొంత సంపాదనలా అనిపిస్తుంది.

కథ విషయానికొస్తే నా ఓటు 2018 గేమ్‌కే. గురువులాంటి శాస్త్రవేత్త ఆక్టేవియస్‌తో పీటర్ (స్పైడర్‌మ్యాన్ అసలు పేరు) అనుబంధాన్ని తొందరపడకుండా పెంచుకుంటూ వచ్చారు కాబట్టే చివర్లో అంత గట్టిగా తగులుతుంది. రెండో భాగంలో నల్ల సూట్ వేసుకున్నాక పీటర్ మాట తీరు మారిపోవడం బాగా తీశారు. విలన్ వెనమ్ వచ్చాక మాత్రం కథకి ఏదో రైలు అందుకోవాలన్నంత హడావిడి. ఇంకో చిన్న సరదా: స్పైడర్‌మ్యాన్ నాలుగైదు దెబ్బలు వేస్తేగానీ పడని, విలన్ క్రేవెన్ తాలూకు వేటగాళ్లని పీటర్ ప్రియురాలు మేరీ జేన్ స్టన్ గన్‌తో టకటకా పడుకోబెడుతుంది. ఆమె మిషన్ అవగానే మళ్లీ సూట్ తొడుక్కోవడానికి నాకు కొంచెం సిగ్గేసింది. రెండో స్పైడర్‌మ్యాన్ అయిన కుర్రాడు మైల్స్ కథ ‘మైల్స్ మొరాలెస్’ ఈ మూడింట్లో చిన్నది. మంచులో హార్లెమ్, ఒక స్నేహితురాలితో తెగిపోయిన బంధం, ఒంట్లో కరెంటు, మాయమైపోయే శక్తి. చెప్పదలుచుకున్నది చెప్పి వెళ్లిపోతుంది. పని చేసుకునేవాళ్లకి, అంటే వారాంతాల్లో తప్ప కన్సోల్ ముట్టుకోలేనివాళ్లకి, ఇదే సరైన సైజు.

ఇప్పుడు పక్కన పెట్టి చూడాల్సినవి, ఇదే చిక్కుని తప్పుగా విప్పుకున్న మూడు గేమ్‌లు. 2020లో క్రిస్టల్ డైనమిక్స్ తెచ్చిన ‘అవెంజర్స్’లో హల్క్ రోబోలని కొడుతుంటే పైన అంకెలు ఎగురుతుంటాయి. రోబో లెవల్ ఎక్కువైతే హల్క్ గుద్దు దోమకాటు అవుతుంది. కథలో కమలా ఖాన్ ఉన్నంతసేపూ ముచ్చటగానే ఉంటుంది. అభిమానిగా వచ్చిన పిల్ల తన హీరోలని మళ్లీ కూడగట్టడం బాగుంది. అది అయిపోగానే అవే ల్యాబ్‌లు, అవే రోబోలు, కొంచెం మెరుగైన సామాను కోసం గ్రైండింగ్, అంటే ఆడిందే మళ్లీ మళ్లీ ఆడటం. 2023 సెప్టెంబర్ 30తో దీని సపోర్ట్ ఆగిపోయింది, డిజిటల్ స్టోర్లలో అమ్మకం కూడా ఆపేశారు.

2022 అక్టోబర్‌లో వచ్చిన ‘గోథమ్ నైట్స్’ది ఇంకో రకం పొరపాటు. బ్యాట్‌మ్యాన్ చనిపోయాడు, నలుగురు శిష్యులు ఊరిని చూసుకోవాలి అన్న ఐడియా చాలా మంచిది. కానీ బ్యాట్‌గర్ల్ వీపు మీద కేప్ వేలాడుతూనే ఉంటుంది, దాంతో గాల్లో తేలడానికి మాత్రం వీల్లేదు. చెప్పినన్ని నేరాలు ఆపి, చెప్పినవాళ్లని కొట్టి, ‘నైట్‌హుడ్’ అనే లెక్క పూర్తిచేశాకే ఆ శక్తి తెరుచుకుంటుంది. కేప్ ఉన్నది ఎందుకు మరి? కన్సోల్స్‌లో సెకనుకి 30 ఫ్రేమ్స్ దగ్గరే ఆగిపోయిందని విడుదలప్పుడు గోల జరిగింది గానీ, నాకు ఆ కేప్ సంగతే ఎక్కువ బాధ. అయినా ఇద్దరు స్నేహితులు కలిసి ఆడితే లోపాలు సగం కనపడవు. వాళ్ల స్థావరం బెల్‌ఫ్రీలో ఆ నలుగురూ దిగులుని పంచుకునే చిన్న చిన్న సీన్లు నిజంగా బాగున్నాయి.

బ్యాట్‌మ్యాన్ ఆర్కమ్ గేమ్‌ల సిరీస్ చేసిన రాక్‌స్టెడీయే 2024లో ‘సూసైడ్ స్క్వాడ్: కిల్ ద జస్టిస్ లీగ్’ చేసిందంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. హార్లీ, డెడ్‌షాట్, కెప్టెన్ బూమరాంగ్, కింగ్ షార్క్. నలుగురికీ నాలుగు రకాల కదలికలు ఇచ్చారు, మాటలు కూడా చమత్కారంగా ఉంటాయి. ఆ తర్వాత నలుగురి చేతికీ తుపాకులే ఇచ్చారు. అన్ని పళ్లున్న సొరచేప మెషిన్ గన్ పట్టుకుని ఊదారంగు గుర్తులని కాలుస్తుంటే ఇక కింగ్ షార్క్ ఎందుకు, ఎవరైతే ఏం? వార్నర్ బ్రదర్స్ దీనివల్ల 20 కోట్ల డాలర్లు నష్టంగా రాసుకుంది. సీజన్లు 2025 మొదట్లో ఆగిపోయాయి. నెట్ లేకుండా ఆడుకునే మోడ్ అంతకుముందే చేర్చారు కాబట్టి కొన్నవాళ్లకి కనీసం కథ మిగిలింది.

ఇక ‘గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ’. ఐడోస్ మాంట్రియల్ స్టూడియో చేసింది, 2021 అక్టోబర్‌లో వచ్చింది. ‘అవెంజర్స్’నీ దీన్నీ మార్కెట్‌లోకి తెచ్చింది స్క్వేర్ ఎనిక్సే. మొదటిదాని చేదు వల్లేమో చాలామంది దీన్ని ముట్టుకోలేదు, అమ్మకాలు కంపెనీ అనుకున్నంత రాలేదు. కానీ ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ కథనం బహుమతి దీనికే వచ్చింది. ఐదుగురు ఉన్నా మనం ఆడేది స్టార్-లార్డ్‌గా మాత్రమే. మొదట నేనూ ‘ఇదేం పిసినారితనం’ అనుకున్నాను. ఆడుతుంటే తెలుస్తుంది, అదే ఈ గేమ్ ప్రాణమని. ఆ ఐదుగురిలో వట్టి మనిషికి దగ్గరగా ఉన్నవాడు ఈ స్టార్-లార్డే, అసలు పేరు పీటర్ క్విల్. వాడి తుపాకులు గట్టిగా తగలవు. గమోరాని కొట్టమనాలి, గ్రూట్‌ని వేళ్లతో కట్టెయ్యమనాలి, డ్రాక్స్‌ని మీద పడమనాలి. అంటే వాడి శక్తి నోరే.

ఆ నోరు ఎప్పుడూ నెగ్గుతుందని లేదు. ఫైట్ మధ్యలో జట్టుని గుండ్రంగా పోగుచేసే ‘హడిల్’ ఉంది. వాళ్లు ఒక్కొక్కరూ ఏదో అంటారు. కొందరు మరీ ధీమాగా ఉంటారు, కొందరు డీలా పడి ఉంటారు. అది విని తగిన మాట చెప్తే జట్టంతా ఊపందుకుంటుంది. వినకుండా డైలాగ్ కొడితే ఆ ఊపు మీ ఒక్కడికే. రెండు రకాలుగానూ ఎనభైల నాటి పాట మొదలవుతుంది, అది వేరే వినోదం. ఇంకోచోట లోయ దాటాలి. రాకెట్‌ని అవతలికి విసిరేస్తానని డ్రాక్స్ అంటాడు, రాకెట్ ఒప్పుకోడు. మీరు డ్రాక్స్‌ని కానివ్వమంటే పని తేలికగా అయిపోతుంది, కానీ రాకెట్ ఆ అవమానాన్ని మర్చిపోడు. చిన్న విషయమే. అయినా లోకాన్ని కాపాడే మిషన్లో ఒక అలిగిన రకూన్‌ని బుజ్జగించాల్సి రావడంలో ఉన్న బరువు, స్పైడర్‌మ్యాన్ సైడ్ మిషన్లు చాలావాటిలో లేదు.

ఈ గేమ్‌లో వెలితి లేదని కాదు. ఫైట్లు సగం దాటాక ఒకేలా అనిపిస్తాయి, మనం స్విచ్‌లు వెతుక్కుంటూ నడిచే దారులు మరీ ఇరుకు. కాకపోతే దెబ్బల బలం నుంచి శక్తులు తిరిగొచ్చే వేగం దాకా డిఫికల్టీని విడివిడిగా మార్చుకోవచ్చు. విసుగొస్తే అక్కడ కాస్త సర్దుకోండి.

‘మిడ్‌నైట్ సన్స్’ని దీని పక్కన పెడితే పోలిక రసవత్తరంగా ఉంటుంది. ఎక్స్‌కామ్ గేమ్‌లు చేసిన ఫిరాక్సిస్ 2022 డిసెంబర్‌లో తెచ్చిన వంతులవారీ ఆట ఇది. కొట్టాలంటే కార్డ్ వెయ్యాలి. కార్డ్‌లా అని చాలామంది మొదట్లోనే మొహం తిప్పుకున్నారు. వంతుకి మామూలుగా మూడు కార్డులు, ఒక కదలిక, రెండు కార్డుల మార్పిడి. ఈ పొదుపులోనే హీరోలు విడివిడిగా కనిపిస్తారు. ఐరన్ మ్యాన్ కార్డుని మార్పిడి చేస్తే కొత్తగా వచ్చేది బలం పుంజుకుని వస్తుంది, తన యంత్రాన్ని సరిచేసుకుంటూ ఉండే మనిషి కదా. కెప్టెన్ మార్వెల్ తన కార్డులు మూడు పడేదాకా మామూలుగా ఉండి, తర్వాత భగ్గుమంటుంది. శత్రువుని నెట్టి ఇంకో శత్రువు మీద పడేసినప్పుడు ఒక కార్డుకి ఇద్దరు పోతే కలిగే ఆనందం గుద్దే గేమ్‌లలో దొరకదు. ఫైట్ల వరకే చూస్తే ఇక్కడ చెప్పిన అన్నింట్లోకీ నేను దీన్నే ముందు పెడతాను. చిక్కంతా ఫైట్ల మధ్య ఉంది. ‘యాబీ’ అనే పాత మఠంలో తిరుగుతూ హీరోలతో స్నేహం పెంచుకోవాలి. బ్లేడ్ బుక్ క్లబ్ పెట్టడం లాంటివి నవ్వు తెప్పిస్తాయి, మిగతా కబుర్లు సాగదీతే. కథ కోసం అయితే గార్డియన్స్, బుర్రకి పని కావాలంటే ఇది.

నలుగురితో కలిసి ఆడేవాళ్లకి ‘మార్వెల్ రైవల్స్’ ఉంది. నెట్‌ఈజ్ 2024 డిసెంబర్‌లో ఉచితంగా వదిలింది, ఆరుగురికి ఆరుగురు. మొదటి రోజే 33 మంది హీరోలు, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు, డబ్బులన్నీ కాస్ట్యూమ్‌ల మీదే. ఇక్కడ హీరో హద్దు అవతలి ఆటగాడే. బొమ్మలా ఉండే జెఫ్ అనే బుల్లి సొరచేప ఎదుటి జట్టుని మింగేసి అంచు దగ్గర ఉమ్మేస్తే, వాళ్లంతా ఒకేసారి లోయలోకి పోతారు. చేసినవాడికి పండగ, పోయినవాడికి ఒళ్లు మంట. ర్యాంక్ మ్యాచ్‌ల టెన్షన్ అంటించుకుంటే మాత్రం ఇది సరదాగా మిగలదు. ఫోన్‌లో కాసేపు చాలనుకుంటే ‘మార్వెల్ స్నాప్’ చూడండి, పన్నెండు కార్డులు, ఆరు వంతులు, మూడు నాలుగు నిమిషాల్లో తేలిపోతుంది. క్వెస్ట్ 3 వీఆర్ హెడ్‌సెట్ ఉన్నవాళ్లకి 2024 నాటి బ్యాట్‌మ్యాన్ గేమ్ ‘ఆర్కమ్ షాడో’ తప్పనిసరి. లేనివాళ్లు దాని కోసమే కొనక్కర్లేదు.

మార్వెల్, డీసీ అనే రెండు పెద్ద కామిక్స్ కంపెనీలదీ కానిది ఒకటి చివర్లో చేరింది: 2025 అక్టోబర్, నవంబర్‌లలో ఎనిమిది ఎపిసోడ్లుగా వచ్చిన ‘డిస్పాచ్’. రోబో సూట్ పాడైపోయిన రాబర్ట్ అనే హీరో, కాల్ సెంటర్ లాంటి ఆఫీసులో కూర్చుని మాజీ విలన్లని పనుల మీదికి పంపిస్తుంటాడు. మ్యాప్ మీద కాల్ వెలుగుతుంది, ఎవరికి ఏది చేతనవునో చూసి పంపాలి. వెళ్లొచ్చినవాళ్లకి రెస్ట్ కావాలి, ఈలోపు ఇంకో రెండు కాల్స్. మాయమయ్యే శక్తి ఉన్న అమ్మాయి ఊపిరి బిగబట్టినంతసేపే మాయం కాగలదు, పైగా ఆమెకి ఆస్తమా. ఒక పాత్రకి ఇంతకన్నా చక్కటి హద్దు ఈ మధ్య నేను చూడలేదు. అయితే ఇందులో చేత్తో ఆడేది తక్కువ, చూసేది ఎక్కువ, అది ముందే తెలుసుకుని కొనండి.

ఒక్కటే చెప్పమంటే నేను ‘గార్డియన్స్’ అంటాను, రెండోది ‘స్పైడర్‌మ్యాన్ 2’. మొదటి స్పైడర్‌మ్యాన్ ఆడనివాళ్లు నేరుగా రెండోదానికి దూకొద్దు. మైల్స్‌కి విలన్ మిస్టర్ నెగటివ్ మీద ఎందుకంత కోపమో 2018 గేమ్ ఆడితేగానీ అర్థం కాదు. ‘గార్డియన్స్’ మొదలుపెట్టాక తొలి రెండు చాప్టర్లలో అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే తలనొప్పిగా ఉండొచ్చు, మ్యూట్ చేయకండి. మూడో చాప్టర్‌కల్లా ఎవరి గొంతు ఏదో తెలిసిపోతుంది, హడిల్‌లో పనికొచ్చేది అదే.