పులికాట్‌లో నీళ్ళు తేరుకునే వేళ

పక్షుల్నీ, నీళ్ళలో వాటి నీడల్నీ ఫోటో తీద్దామని ఉదయం ఐదింటికి కెమెరా భుజాన వేసుకుని దిగితే లాడ్జి గేటుకి తాళం. వాచ్‌మన్‌ని లేపి, ఆయన తాళంచెవి వెతికేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. సూళ్లూరుపేటలో దిగేవాళ్ళు ఈ సంగతి రాత్రే మాట్లాడుకోండి. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్ళు మాత్రం మాటవరకే. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉంటే ఆ గదులకీ గిరాకీ, తేదీలు చూసుకుని వెళ్ళండి.

ఊరి నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. జనవరిలో సూర్యుడు కాస్త దక్షిణంగా పొడుస్తాడు కాబట్టి రోడ్డుకి ఉత్తరం వైపు ఉన్న పక్షుల మీద వెలుగు బాగా పడుతుంది. తెలియక మొదటిరోజు దక్షిణం వైపు తిరిగి అన్నీ నల్లటి బొమ్మలే తీశాను.

రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, వందల్లో ఉన్నాయి గానీ బాగా దూరం. వంచిన మెడ, నీళ్ళలో దాని నీడ కలిసి సున్నా చుట్టినట్టుంటుంది. నా 400 ఎంఎం లెన్స్‌కి ఆ సున్నా చుక్కంతే. ఇంకాస్త దగ్గరికి పోదామని దిగాను. "సార్, అది అడుసు, దిగబడిపోతారు" అని ఆటో ఆయన అరుస్తూనే ఉన్నాడు. నా ఎడమ చెప్పు ఇప్పటికీ పులికాట్‌లోనే ఉంది.

రెండోరోజు రోడ్డు పక్క మడుగులో చిన్న తెల్లకొంగ ఒకటి దొరికింది. నల్లటి కాళ్ళు, పసుపు రాసుకున్నట్టు పాదాలు. కెమెరాని బియ్యం సంచి మీద దాదాపు నీటిమట్టానికి పెట్టి, నేల మీద బోర్లా పడుకున్నాను. చేపల్ని లేపడానికి అది పాదంతో బురద కెలికినప్పుడల్లా నీడ ముక్కలైపోయేది. అది ఆగి, నీళ్ళు తేరుకునే రెండు మూడు సెకన్లే మనవి. పోలరైజర్ ఫిల్టర్ తీయడం మరిచి అందులోనూ అరగంట పోగొట్టుకున్నాను. ఆ ఫిల్టర్ నీటి మీది మెరుపుతో పాటు నీడనీ మింగేస్తుంది. ఫ్రేము నిలువుగా పెట్టి, కింద చోటు వదలండి, లేకపోతే నీడకి తల తెగుతుంది. ఎనిమిదిన్నరకి గాలి లేచింది, నా పనీ అయిపోయింది.

సాయంత్రం నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం. దొరవారిసత్రం దగ్గర, సూళ్లూరుపేటకి 20 కిలోమీటర్ల లోపే. నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతుల, అదే పెలికాన్ల గూళ్ళు, పిల్లల గోల. ఇంటిల్లిపాదీ వెళ్తే పులికాట్ కన్నా ఇదే మేలు. నీడల కోసం వెళ్తే మాత్రం పెద్దగా పని లేదు. పక్షులు కొమ్మల మీద, మనం వాచ్‌టవర్ మీద.

డబ్బుకి న్యాయం జరిగిందంటే ఆటో దగ్గరే. వెయిటింగుతో కలిపి ముందే మాట్లాడుకున్నాం, పైసా ఎక్కువ అడగలేదు. పక్షులు కనపడగానే ఇంజన్ ఆపి బండిని దొర్లనిచ్చేవాడు. ఎవరో కుర్రాళ్ళు పక్షులు ఎగిరితే వీడియో తీద్దామని చప్పట్లు కొడుతుంటే, నేను నోరు తెరిచేలోపే దిగి వెళ్ళి వాళ్ళని కేకలేసి వచ్చాడు.