ఫోర్ట్ వర్త్‌లో కంచు గుర్రాలు, కౌబాయ్ చిత్రాలు

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో పిల్లల దగ్గరికి వచ్చే మనవాళ్లలో చాలామంది ఫోర్ట్ వర్త్‌ను ఒక్క పూటలో ముగిస్తారు. స్టాక్‌యార్డ్స్ అనే పాత పశువుల సంత వీధిలో కొమ్ముల ఎద్దులతో ఫొటో తీయించుకుని, టోపీ ఒకటి కొనుక్కుని, చీకటి పడేలోపు ఇల్లు చేరతారు. పడమటి అమెరికా చిత్రాలో శిల్పాలో కొని దాచుకోవాలన్న కోరిక ఉన్నవారికి ఆ పూట ఏమాత్రం చాలదని, గత అక్టోబరులో అల్లుడితో కలిసి వెళ్లినప్పుడు నాకు తెలిసివచ్చింది.

బస విషయంలో పొరపాటు పడ్డాం. సందడికి దగ్గరగా ఉంటుందని శుక్రవారం స్టాక్‌యార్డ్స్ సమీపంలోనే దిగితే, వీధిలోని పాటలు రాత్రి రెండింటిదాకా ఆగలేదు. కారు నిలిపినందుకు వేసిన రుసుము గది తీసుకున్నప్పుడు ఎక్కడా కనిపించలేదు. మర్నాడు ఊరి నడిబొడ్డున ఉన్న మరో హోటలుకు మారాక హాయిగా నిద్రపట్టింది. శాకాహారులు మెక్సికన్ భోజనశాలల్లో చిక్కుడుగింజల కూరను పందికొవ్వుతో వండారేమో అడిగి తెలుసుకోవడం మంచిది.

స్టాక్‌యార్డ్స్‌లో రోజూ పదకొండున్నరకు, సాయంత్రం నాలుగింటికి లాంగ్‌హార్న్ ఎద్దులను వీధి వెంట నడిపిస్తారు. బారెడేసి కొమ్ములు చూడముచ్చటగానే ఉంటాయి గానీ, ఆ ఊరేగింపు కొద్ది నిమిషాల్లోనే ముగిసిపోతుంది. ఈ లాంగ్‌హార్న్‌లు స్పెయిన్ పశువుల సంతతి. టెక్సస్ బయళ్లలో కనిపించే మూపురం ఉన్న బ్రాహ్మన్ పశువుల వంశంలో మాత్రం మన ఒంగోలు రక్తం కూడా ఉందని గుర్తుకొచ్చి, ఎందుకో కాస్త గర్వపడ్డాను. నా లెక్కలో ఊరేగింపు కన్నా 1908లో కట్టిన కౌటౌన్ కొలీజియంలో వారాంతపు రాత్రుల్లో జరిగే రోడియో, అంటే కౌబాయ్‌ల పోటీయే మేలు. ఇద్దరు రౌతులు ఒకే కోడెను తరుముతారు. ఒకడు కొమ్ములకు తాడు విసిరి, దాని కొసను జీను ముందున్న కొమ్ముకు చటుక్కున చుట్టి పక్కకు లాగుతాడు. ఆ వెంటనే రెండోవాడు వెనక కాళ్లకు ఉచ్చు వేస్తాడు. బిగిసిన తాడుకు గుర్రం ఎలా ఒరుగుతుందో ఒకసారి కళ్లారా చూశాకే ఇక్కడి చిత్రాలను చూడాలని నా సలహా.

శనివారం ఉదయం ఒక దుకాణంలో, ఎగిరిపడే గుర్రాన్ని లొంగదీస్తున్న రౌతు కంచుబొమ్మను మూడు వందల డాలర్లకు చూపి, అది కౌబాయ్ బొమ్మలకు పేరుపడ్డ శిల్పి, చిత్రకారుడు రెమింగ్టన్ అసలు పోతేనని అమ్మకందారు గట్టిగా చెప్పాడు. నా చెయ్యి జేబు వైపు వెళ్లడం చూసి అల్లుడు, "మామయ్యగారూ, మూడు వందలకు రెమింగ్టన్ దొరికితే మ్యూజియంలో కాపలా ఎందుకండీ?" అని నెమ్మదిగా అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఆమన్ కార్టర్ మ్యూజియానికి వెళ్లాం. పత్రికాధిపతి ఆమన్ కార్టర్ సేకరించిన రెమింగ్టన్, అలాంటి మరో కళాకారుడు రసెల్ కళాఖండాల కోసం ఫిలిప్ జాన్సన్ రూపకల్పనలో కట్టిన ఈ భవనం 1961లో తెరుచుకుంది. ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు. రెమింగ్టన్ ఆ రౌతు బొమ్మను 1895లో చేశాడు. మొదట ఇసుక అచ్చుల్లో పోయించినా, తరువాత మైనం కరిగించి పోసే పద్ధతికి మారి, ప్రతి మైనపు నమూనాను పోతకు ముందు తానే దిద్దే వీలు కల్పించుకున్నాడు. మంచి పోతలో జూలు పాయలు పాయలుగా విడివడి ఉంటుంది, కళ్లేనికీ వేళ్లకూ మధ్య ఖాళీ కనిపిస్తుంది. సాయంత్రం మళ్లీ ఆ దుకాణానికి వెళ్లి చూస్తే, జూలు ఒకటే ముద్ద, వేళ్లు కళ్లేనికి అతుక్కుపోయి ఉన్నాయి.

మ్యూజియంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది 1895 నాటి 'కౌబాయ్ పతనం' అనే రెమింగ్టన్ చిత్రం. బూడిదరంగు ఆకాశం కింద మంచు పరుచుకుని ఉంటుంది. ఒక రౌతు దిగి కంచె గేటు దగ్గర నిలబడితే, రెండోవాడు గుర్రం మీదే కాచుకుని ఉంటాడు. బయళ్లకు కంచెలు పడ్డాక మందలు తోలేవాడికి పని తగ్గిపోయిందన్న కథంతా ఆ గేటులోనే ఉంది. అయితే రెమింగ్టన్ న్యూయార్కు రాష్ట్రంవాడు, పడమటికి బొమ్మలు గీయడానికి వెళ్లినవాడు. రసెల్ పదహారో ఏట మోంటానా చేరి, ఏళ్ల తరబడి మందల దగ్గర జీతానికి పనిచేశాడు. రోడియో చూసి వచ్చిన కళ్లకు రసెల్ గీసిన తాడులో బరువు తెలుస్తుంది.

ఆదివారం సిడ్ రిచర్డ్‌సన్ మ్యూజియం చూశాం. చిన్నది, ఇదీ ఉచితమే. రెమింగ్టన్ తన చివరి ఏడాది, 1909లో వేసిన వెన్నెల రాత్రి చిత్రంలో వేట దొరకని ఆదివాసి దుప్పటి కప్పుకుని తిరిగి వస్తుంటాడు. ఆ చిత్రం ఒక్కదాని కోసమైనా వెళ్లవచ్చు.

సోమవారం సుమారు మూడు గంటలు ప్రయాణించి ఓక్లహామా సిటీలోని నేషనల్ కౌబాయ్ మ్యూజియానికి వెళ్లాం. ఇక్కడ టికెట్టు ఉంది. జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్ 1915 ప్రదర్శన కోసం చేసిన పద్దెనిమిది అడుగుల రౌతు విగ్రహం కాలిఫోర్నియాలోని ఒక ఉద్యానంలో ఎండకూ వానకూ పాడవుతుంటే, 1968లో తెచ్చి బాగుచేశారు. ఈనాటి చిత్రకారుల నుంచి కొనదలిస్తే, 1973 నుంచి జరుగుతున్న ప్రీ ద వెస్ట్ అమ్మకం ఇక్కడే జూన్‌లో ఉంటుంది. అక్కడ వేలంపాటలా ధర పెంచుకుంటూ పోరు. ప్రతి చిత్రానికీ ఖరారు ధర ఉంటుంది, కావలసినవారు పేరు రాసి పెట్టెలో వేస్తే చీటీ తీస్తారు. ఆ ధరలు నా పింఛనుకు అందేవి కావు. అల్లుడు మాత్రం తిరుగు ప్రయాణంలోనే వచ్చే జూన్‌కు సెలవు సంగతి మాట్లాడటం మొదలుపెట్టాడు.